ఐసులో నవ్విన పళ్ళు

రండి రండి, ముందుకు జరగండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు లోపలికైనా రండి, బయటికైనా పొండి, గాలికి అడ్డం పడకండి. ఆ మూల గుసగుసలాడుకుంటున్న తోడికోడళ్ళూ, మీ అత్తగారి సంగతి ఎక్కడికీ పారిపోదు, రేపు కూడా అలాగే ఉంటుంది. కాసేపు నోళ్ళు మూసుకోండి. ఎందుకంటే ఈ వారం కథంతా ఒక నోటి గురించే.

పోయిన వారం మన గంపక్కని ఎక్కడ వదిలేశాం? పీకల్లోతు చిక్కులో. ఇరవై ఏళ్ళు నెత్తిన చేపల గంప మోసీ మోసీ పేరే గంపక్క అయిపోయిన మనిషి, రేవులో సొంతంగా ఐసు ప్లాంటు పెడతానని బయలుదేరింది. మామూలు బ్యాంకులన్నీ "బంగారం ఉందా, భూమి ఉందా" అని అడిగాయి. "గంప ఉంది" అంటే తలుపేసుకున్నాయి. ఆఖరికి అభివృద్ధి బ్యాంకు ఒకటి ఒప్పుకుంది. పన్నెండేళ్ళ దాకా ఆగి అప్పు వెనక్కి తీసుకుంటుందని రేవు జనం దానికి ఓపిక బ్యాంకని పేరు పెట్టారు. ఆ బ్యాంకు సగం డబ్బు ఇస్తే మిషను వచ్చింది, తొట్టి కట్టారు. ఐసు తీసి చూపిస్తే మిగతా సగం.

కానీ ఐసుకి కరెంటు కావాలి. కరెంటాఫీసు వాళ్ళేమో "మిగతా డబ్బు వస్తుందని బ్యాంకు కాగితం తే, లైను లాగుతాం" అంటారు. బ్యాంకేమో "ఐసు చూపించు, డబ్బిస్తాం" అంటుంది. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. గడువు సోమవారం. ఆ రోజుకి ఐసు రాకపోతే ఫైలు మూసేస్తారు, మిషను వేలానికి పోతుంది. ఆదివారం సాయంత్రం గంపక్క మరిది ఆమె చెవిలో ఒక మాట ఊదాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "సరే, కానీ" అంది. అక్కడ ఆగాం.

సోమవారం తెల్లారింది.

ఎండ ఎంత మండుతోందంటే, ప్లాంటు రేకుల మీద వాలిన కాకి ఒక కాలు దించి ఒక కాలు ఎత్తి, చివరికి రెండు కాళ్ళూ ఎత్తేసి ఎగిరిపోయింది. గంపక్క కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. తొట్టి దగ్గరికి, తలుపు దగ్గరికి, మళ్ళీ తొట్టి దగ్గరికి. తొట్టిలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో వరసగా రేకు డబ్బాలు, డబ్బాల మీద చెక్క మూతలు. అందులో రెండు డబ్బాల్లో మాత్రమే ఐసుంది. ఆ ఐసు ఎవరిదంటే, రేవులో ఇన్నాళ్ళూ ఉన్న ఒకే ఒక్క ప్లాంటు యజమాని ఐసు షావుకారుది. తెల్లవారుజామున మరిది ఆయన ప్లాంటు వెనక తలుపు దగ్గర మూడింతల ధర పోసి కొని, కరక్కుండా రంపపు పొట్టు చల్లి, గోనె కప్పి బండి మీద తెచ్చాడు. షావుకారు ఐసు దిమ్మ లావు, గంపక్క కొత్త డబ్బా సన్నం. దూరలేదు. బాడిసె పెట్టి నాలుగు వైపులా చెక్కి, రంపపు పొట్టుతో సహా లోపలికి దిగ్గొట్టాడు. ఇక మిషను తిరుగుతున్నట్టు వినపడాలి కదా, వెనక గోడ పక్కన ఒక పాత పడవ ఇంజను పెట్టి తిప్పాడు. అది డుబుడుబుమంటూ రేవులో కుక్కలన్నిటినీ పారిపోయేలా చేసింది.

"వదినా, కూర్చో. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"నువ్వు చెక్కింది కనపడుతుందేమోరా."

"బ్యాంకు వాడికి ఐసుకీ అద్దానికీ తేడా తెలుస్తుందా? కాగితాల మనిషి."

గుమ్మం పక్కన నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన, రేవంతా వలల తాత అని పిలిచే ఆయన, తలెత్తకుండానే అన్నాడు. "మా మేనల్లుడూ అలాగే అనుకున్నాడు. ఇప్పుడు వాడికి మూడు పెళ్ళాలు."

దానికీ దీనికీ సంబంధం ఏమిటో ఎవరూ అడగలేదు. తాతని అడిగితే చెప్తాడని భయం.

పది గంటల బస్సుకి ఆఫీసరు దిగాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, చంకలో తాడు కట్టిన లావుపాటి ఫైలు, జేబులో పెన్ను పక్కన ఒక థర్మామీటరు. ఆ థర్మామీటరు చూడగానే గంపక్క మరిది వైపు తిరిగింది. కాగితాల మనిషి జేబులో థర్మామీటరు ఎందుకుంటుంది?

ఆయన లోపలికొచ్చి, నిలబడి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఇంజను బాగానే పాడుతోందమ్మా. కానీ పాట గోడవతల నుంచి వస్తోందేం?"

మరిది గొంతు సవరించుకున్నాడు. "కొత్త మిషను కదా సార్. సిగ్గు ఎక్కువ. చప్పుడు అవతల పెట్టుకుంటుంది."

ఆఫీసరు మిషను దగ్గరికి నడిచి ఒక పైపు మీద అరచెయ్యి పెట్టాడు, తీశాడు, ఇంకో పైపు మీద పెట్టాడు.

"ఇది చెయ్యి కాలాలి. అది మంచు పట్టి ఉండాలి. దీనికి జ్వరమూ లేదు, చలీ లేదు. హాయిగా నిద్రపోతోంది."

"నిద్రపోయే మిషను ఎక్కువ కాలం మన్నుతుంది బాబూ," అన్నాడు తాత.

"ఒక డబ్బా ఎత్తించండి," అన్నాడు ఆఫీసరు.

మరిది గొలుసు లాగాడు. డబ్బా పైకి లేచింది, దిమ్మ వదలడానికి పక్కనున్న మంచినీళ్ళలో మునిగింది, వంగింది. దిమ్మ జర్రున జారి గచ్చు మీద పడింది. అప్పటికే రేవు జనం సగం మంది గుమ్మంలో గుమిగూడారు. పడవలవాళ్ళు, బుట్టలవాళ్ళు, వేలం కేకలవాడు. ఆఫీసరు వంగి దిమ్మ చుట్టూ తిరిగాడు. బాడిసె గీతల మీద వేలు పెట్టి నడిపించాడు.

"దీనికి క్షవరం ఎవరు చేశారు?"

మరిది బాడిసెని కాలితో గోనె కిందికి తోశాడు.

"కాసిని నీళ్ళు పొయ్యండి. పొట్టు అంటుకుని ఉంది."

గంపక్కే బక్కెట్టు తెచ్చి పోసింది. పొట్టంతా కొట్టుకుపోయింది. దిమ్మ అడుగు వైపు అద్దంలా తేటపడింది. అందులోంచి ఎవరో ఆమెని చూసి నవ్వారు.

అవును మరి. పై వరస, కింది వరస, గులాబీ రంగు చిగుళ్ళతో సహా, ముందు పన్ను బంగారంతో తళతళలాడుతూ, ఒక కట్టుడు పళ్ళ సెట్టు ఐసులో నిండుగా నవ్వుతోంది. ఆ పళ్ళు అంత నిండుగా నవ్వగా రేవులో ఎవరూ చూడలేదు. వాటి సొంతదారు నోట్లో ఉన్నన్నాళ్ళూ అవి ఎవర్నీ చూసి నవ్వినవి కావు.

ఐసు షావుకారు పళ్ళు! గురువారం నాడు అవి పోయాయని ఆయన రేవంతా తలకిందులు చేశాడు. ఏడు పడవల వలలు దులిపించాడు. తన పనివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపించి చూశాడు. ఒక పెద్ద చేపకి నవ్వినట్టు మూతి ఉంటే అనుమానపడి దాన్ని కూడా కోయించాడు. "దొంగతనం, దొంగతనం" అని ఎగిరాడు. డబ్బాల్లో నీళ్ళు ఎక్కువ పోస్తున్నారని పనివాళ్ళ మీద వంగి అరుస్తున్నప్పుడు పళ్ళు జారి డబ్బాలో పడి ఉంటాయని ఆయనకీ తోచలేదు, ఇంకెవరికీ తోచలేదు.

మరిది చప్పున గోనె తీసి దిమ్మ మీద కప్పబోయాడు. గంపక్క వాడి చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్." తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. "సార్, ఆ ఐసు నాది కాదు. షావుకారు దగ్గర కొన్నాం. మిషను ఒక్క పూట కూడా తిరగలేదు, కరెంటే లేదు. గోడవతల ఉన్నది పడవ ఇంజను. సలహా మా మరిదిది. కానీ 'కానీ' అన్నది నేనే."

"వదినా!"

"నువ్వు నోర్ముయ్. పోయి ఆ ఇంజను ఆపు."

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఐసు కరిగి గచ్చు మీద చుక్కలు పడుతున్న చప్పుడు అందరికీ వినపడింది.

"ఎందుకు చేశారమ్మా?" అన్నాడు ఆఫీసరు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండుననిపించింది గంపక్కకి.

"మీరు ఐసు చూడ్డానికి వస్తున్నారన్నారు. నేను చేపల వేలంలో పెరిగినదాన్ని సార్. అక్కడ సరుకు చూపిస్తే చాలు. పడవకి చిల్లుందా, వల చిరిగిందా ఎవడూ అడగడు. బ్యాంకూ అంతే అనుకున్నాను."

ఆఫీసరు నుదురు రుద్దుకున్నాడు. "ఐసు కోసమైతే నేను ఇంత దూరం రావాలా? మిషను బిగింపు సరిగ్గా ఉందా, తొట్టి కారుతోందా, పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, అది చూడ్డానికొచ్చాను. 'కరెంటు రాలేదు' అని ఒక్క ముక్క రాసి పడేసి ఉంటే సరిపోయేది. కరెంటాఫీసుకి ఇవ్వాల్సిన హామీ ఉత్తరం నా ఫైల్లోనే ఉంది."

తీసి చూపించాడు. టైపు కొట్టి, ముద్ర వేసి, సంతకం ఒక్కటే తక్కువగా ఉంది.

గంపక్కకి చదువు రాదు. కానీ ఖాళీగా ఉన్న చోటు చదవడానికి చదువెందుకు? చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆయన కాగితం మళ్ళీ ఫైల్లో పెట్టి, పెన్నుకి మూత పెట్టేశాడు. టిక్కుమంది.

"ఇప్పుడు పెట్టలేను."

"పన్నెండేళ్ళు ఆగుతామన్న బ్యాంకు ఒక్క అబద్ధానికి ఆగలేదా సార్?"

గుమ్మంలో జనం ఇంకో అడుగు లోపలికి జరిగారు.

"ఆలస్యమైతే ఆగుతాం. నష్టమొచ్చినా ఆగుతాం," అన్నాడాయన. "మామూలు బ్యాంకులో ఉన్నది జనం దాచుకున్న డబ్బు. రేపు అడిగితే రేపే ఇవ్వాలి. అందుకే వాళ్ళు బంగారం అడుగుతారు. వాళ్ళ తప్పు కాదు. మాది వేరు. ఎవరూ ముందడుగు వెయ్యని చోట ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని దేశం మాకు డబ్బిచ్చి కూర్చోబెట్టింది. రేవుకి ఐసుంటే చేప నిలుస్తుంది, చేప నిలిస్తే ధర నిలుస్తుంది, ధర నిలిస్తే ఇంకో పడవ దిగుతుంది. అదంతా జరగడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ మా చేతిలో తాకట్టు ఏముంటుందమ్మా? మీ నగలు లేవు, పొలం లేదు. మీరు చెప్పే మాటే తాకట్టు. దాన్ని మీరు రంపపు పొట్టులో చుట్టారు."

"పన్నెండేళ్ళా!" అన్నాడు తాత. "మా ముసల్దాని దగ్గర అన్నానికి పన్నెండు నిమిషాలు ఆగితే నాకు మోక్షమే."

గంపక్క గోడ దాకా నడిచింది, తిరిగొచ్చింది. నిలబడితే కాళ్ళు మండుతున్నట్టుంది.

"బుధవారం పడవలు దిగుతాయి సార్. మా ఆయనా అందులోనే ఉన్నాడు. కిందటిసారి ఐసు చాలక సగం చేప గట్టు మీదే కుళ్ళి, పూడ్చిపెట్టాం. సరే, ఫైలు మూసెయ్యండి. ఈ మిషను వేలంలో ఎవరికి పోతుందో చెప్పండి. ఐసు మిషను పెట్టుకుని ఏం చెయ్యాలో తెలిసినవాడు ఈ రేవులో ఒక్కడే ఉన్నాడు."

ఆఫీసరు ఫైలు తాడు ఇంకో ముడి విప్పి ఒక ఉత్తరం తీశాడు.

"ఆ ఒక్కడే మాకిది రాశాడు. చదువుతాను వినండి. 'ఈ రేవులో ఐసుకి గిరాకీ లేదు. ఒకటో తారీకు నుంచి నా ప్లాంటుకే తాళం వేసుకున్నాను. ఒక్క దిమ్మ కూడా తియ్యలేదు. రెండో ప్లాంటుకి దేశం డబ్బు పెట్టడం దండగ.' పెద్దాఫీసులో వాళ్ళు దీన్ని చూసే మీ ఫైలు పక్కన పెట్టారు. నిజమో కాదో తేల్చుకుని రమ్మన్నారు."

ఒకటో తారీకంటే రెండు వారాల కిందటి మాట. జనంలో ఒక కదలిక పుట్టి, అంతలోనే చచ్చిపోయింది. షావుకారు ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపులో మూడింతలకి అమ్ముతున్నాడని గుమ్మంలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. చెప్పినవాడికి మర్నాడు ఐసుండదని కూడా తెలుసు.

గంపక్క దిమ్మ వైపు చూసింది. బంగారు పన్ను మెరిసింది. ఆమె నడక ఆగిపోయింది.

"మరిదీ, బస్సు ఆగే చోట గోడ మీద షావుకారు అంటించిన కాగితం ఉంది చూడు. పీక్కురా. చిరక్కుండా."

మరిది వెళ్ళినంత వేగంగానే వచ్చాడు. చేతిలో కాగితం, దాంతో పాటు కాస్త గోడ సున్నం. ఆఫీసరు చదివాడు. "'గురువారం సాయంత్రం నా కట్టుడు పళ్ళు దొంగిలించబడినవి. ముందు పన్ను బంగారం. తెచ్చి ఇచ్చినవారికి తగిన బహుమతి.'" తర్వాత ఆ కాగితాన్నీ షావుకారు బ్యాంకుకి రాసిన ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండింటిలో ఒకే దస్తూరి. రెండింటిలో తోక పొడుగ్గా సాగదీసిన అవే అక్షరాలు.

"సార్," అంది గంపక్క, "నేను అబద్ధం ఆడాను, ఒప్పుకున్నాను. శిక్ష వేసుకోండి. కానీ ఒకటి చెప్పండి. ఒకటో తారీకున తాళం పడిన ప్లాంటులో, గురువారం పోయిన పళ్ళు ఎలా గడ్డకట్టాయి?"

ఆఫీసరు వేళ్ళు పెన్ను మూత మీదికి పోయాయి. తియ్యలేదు, అక్కడే ఉంచాడు. "ఇవి ఆయన పళ్ళేనని ఎవరో ఒకరు చెప్పాలి కదా. బంగారు పన్ను ఎవరికైనా ఉండొచ్చు."

"రేవంతా చెప్తుంది!" అని గంపక్క గుమ్మం వైపు తిరిగింది. రేవంతా ఆకాశం వైపు చూసింది. వేలం కేకలవాడు మేఘాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఆకాశంలో ఒక్క మేఘం లేదు.

"అయితే ఆయనే చెప్పాలి," అన్నాడు ఆఫీసరు.

అనుకోవడమే ఆలస్యం, జనం రెండుగా చీలారు. మధ్యలోంచి ఐసు షావుకారు వస్తున్నాడు. మూతికి తువ్వాలు అడ్డం, కళ్ళలో పండగ. గంపక్క దొంగ ఐసు పెట్టిందని ఆయనకి తెలుసు. అమ్మించింది ఆయనే కదా! పట్టించడానికే తీరిగ్గా బయలుదేరి వచ్చాడు. పళ్ళు పోయిన దగ్గర్నుంచీ ఆయన మాట మనుషులకి అర్థం కావడం మానేసింది. అందుకే పక్కన గుమాస్తా. ఇరవై ఏళ్ళుగా ఆయన చిట్టాలూ ఉత్తరాలూ రాసే మనిషికి ఇప్పుడు ఆయన నోరు కూడా ఉద్యోగంలో కలిసింది.

షావుకారు తువ్వాలు లోంచి ఏదో బుసకొట్టాడు. గుమాస్తా ఛాతీ విరుచుకుని అందుకున్నాడు.

"మా షావుకారు గారు చెప్పేదేమిటంటే, ఈవిడ బ్యాంకు వారిని పట్టపగలు మోసం చేస్తోంది. ఆ ఐసు..."

అంతవరకూ చెప్పి కిందికి చూశాడు. ఐసులోంచి పళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. గుమాస్తా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"చెప్పండి," అన్నాడు ఆఫీసరు. "ఆ ఐసు?"

షావుకారు కూడా చూశాడు. చెయ్యి తువ్వాలు వదిలేసింది. తప్పిపోయిన బిడ్డ కనపడ్డ తండ్రిలా చేతులు చాచాడు. అంతలో ఆఫీసరు చేతిలో తన ఉత్తరం, దాని పక్కన తన గోడ కాగితం కనపడ్డాయి. చాచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"షావుకారు గారూ," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా, "ఈ దిమ్మ గంపక్క గారి తొట్టిలోంచి వచ్చింది. ఈ తొట్టిలో ఉన్నదంతా మా బ్యాంకు అప్పు కిందిదే. పళ్ళు మీవి కాకపోతే మిషనుతో పాటు వాటినీ సరుకు జాబితాలో రాసుకుంటాను. మీవైతే చెప్పండి, ఇప్పుడే తీసుకెళ్ళండి. కానీ అవి ఏ ప్లాంటులో, ఏ రోజున గడ్డకట్టాయో కూడా చెప్పి తీసుకెళ్ళండి."

ఆయన ఒక చేత్తో హామీ ఉత్తరం తీశాడు, ఇంకో చేత్తో ఫైలు మూసేసే కాగితం తీశాడు. రెండూ తొట్టి మూత మీద పక్కపక్కన పరిచి, జవాబుని బట్టి ఏదో ఒకదాని మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత పళ్ళతో లాగాడు. గంపక్కకి ఆ పెన్ను తప్ప లోకంలో ఇంకేమీ కనపడటం లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమె కాళ్ళు కదలకుండా నిలబడ్డాయి.

కరుగుతున్న ఐసులోంచి బంగారు పన్ను కొస బయటికొచ్చింది.

షావుకారు మొహం ఎర్రబడింది, నల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని, బోసినోటితో, చేతులు ఊపుతూ, ఉమ్ము తుంపర్లతో, ఆపకుండా ఏదో చాలాసేపు చెప్పాడు. అది ఒప్పుకోవడమో తిట్టడమో ఏడవడమో ఆ ప్లాంటులో ఒక్క ప్రాణికీ అర్థం కాలేదు, ఒక్క గుమాస్తాకి తప్ప.

అందరి తలలూ గుమాస్తా వైపు తిరిగాయి. గుమాస్తా తను రాసిన ఆ రెండు కాగితాల మీది తోక అక్షరాలు చూశాడు. యజమానిని చూశాడు. గంపక్కని చూశాడు. ఆమె అడగలేదు, బతిమాలలేదు. ఊరికే కళ్ళలోకి చూసింది. ఆయన చెమట ఐసు కంటే వేగంగా కారుతోంది. పెదవులు తడుపుకున్నాడు, నోరు తెరిచాడు...

"ఆయన్నెందుకు బాబూ ఇబ్బంది పెడతారు," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి వలల తాత, వల ముడి బిగిస్తూ. "ఆ పళ్ళనే అడగండి. నాలుగు రోజులుగా చల్లగా పడుకున్నాయి, కోపం లేకుండా చెప్తాయి."